మైకు ఉన్న హెడ్‌ఫోన్లు కొనేముందు: సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాలకు ఒక కరదీపిక

చెవికి తగిలించుకొని వినడానికి, అదే సాధనంతో తిరిగి మాట్లాడడానికి వీలుగా తయారైన పరికరమే మైకు గల హెడ్‌ఫోన్. ఒకప్పుడు ఇది టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఉద్యోగులకు, విమాన చోదకులకు మాత్రమే పరిచితమైన వస్తువు. 2020లో కరోనా కారణంగా పాఠశాలలు మూతబడిన నాటి నుండి ఇది పలక, బలపం వలె విద్యార్థి సామగ్రిలో చేరిపోయింది. పాఠశాలలు తిరిగి తెరుచుకున్నా ఈ అలవాటు పోలేదు. కావేరిపాక్కం మొదలుకొని వేలూరు మీదుగా గుడియాత్తం వరకు, ఇంటికొకటి చొప్పునైనా ఇది కనిపిస్తున్నది.

మన ప్రాంతపు తెలుగు కుటుంబాలలో దీని వాడకం ప్రధానంగా మూడు విధాలు. పిల్లలు ఫోనులో పాఠాలు వినడం, తిరిగి అప్పజెప్పడం మొదటిది. దూరదేశాలలో ఉన్న కొడుకులతో, కోడళ్లతో పెద్దలు మాట్లాడుకోవడం రెండవది. ఉద్యోగార్థులు వీడియో ద్వారా ఇంటర్వ్యూలకు హాజరు కావడం మూడవది. ఈ మూడింటిలోనూ ముఖ్యమైనది మాట. పాట తరువాతి సంగతి.

దుకాణంలో మాత్రం పరిస్థితి తారుమారుగా ఉంటుంది. అక్కడ మనకు చూపించేవి పాటల కోసం, అందులోనూ దద్దరిల్లే మోత కోసం తయారైన హెడ్‌ఫోన్లు. మాట స్పష్టంగా వినిపించేది, మన మాటను స్పష్టంగా అవతలికి చేర్చేది ఏదో తెలుసుకొని ఎంచుకోవడం ఎలాగన్నదే ఈ వ్యాసంలోని విషయం.

పేర్లు, రకాలు

మన వైపు తమిళ దుకాణాలలో ఏ రకాన్ని అడిగినా ‘హెడ్‌సెట్’ అనే పేరే వినబడుతుంది. చెవిలో దూర్చుకునేదీ అదే, తలకు తగిలించుకునేదీ అదే. కాబట్టి పేరుతో సరిపెట్టుకోక ఆకారాన్ని వివరించి అడగడం మేలు. స్థూలంగా రకాలు నాలుగు.

1. చెవి రంధ్రంలో రబ్బరు తొడుగుతో బిగిసేవి. ఇవి బయటి రొదను కొంత అడ్డుకుంటాయి. బస్సులలో, రద్దీ చోట్ల ఉపకరిస్తాయి.

2. చెవి వాకిట నిలిచేవి. వీటికి రబ్బరు తొడుగు ఉండదు. ఎక్కువసేపు పెట్టుకున్నా చెవి దురద పెట్టదు కాని, బయటి శబ్దం యథాతథంగా లోపలికి వస్తుంది.

3. తల మీదుగా వంపు తిరిగిన పట్టీతో, చెవిని పూర్తిగా కప్పే గిన్నెలు కలవి. గంటల తరబడి పాఠం వినేవారికి అనుకూలం. వేసవిలో చెమట పట్టడం వీటి లోపం. మన జిల్లా ఎండలు తెలిసినవారికి ఇది చిన్న లోపం కాదు.

4. పట్టీ గలదే అయి, నోటి దగ్గరకు సాగే చిన్న కడ్డీ చివర మైకు ఉన్నవి. కాల్ సెంటర్లలో వాడేవి ఇవే. చూడడానికి హంగు తక్కువ, మాటకు మాత్రం అన్నింటికన్నా మిన్న.

ఈ నాలుగవ రకానికి గల పేరుప్రతిష్ఠలు నిన్నటివి కావు. 1910లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో నాథానియేల్ బాల్డ్విన్ తన వంటయింటిలో తయారుచేసిన హెడ్‌ఫోన్లను కొన్నది ఆ దేశపు నౌకాదళం. 1969లో చంద్రుని మీద కాలుమోపిన ఆర్మ్‌స్ట్రాంగ్ మాటలు భూమికి చేరినది ప్లాంట్రానిక్స్ సంస్థ తయారుచేసిన హెడ్‌సెట్ ద్వారానే. రెండు చెవులకు సంగీతం వినిపించే స్టీరియో హెడ్‌ఫోన్‌ను జాన్ కాస్ 1958లో ప్రదర్శించారు. 1979లో సోనీ వాక్‌మన్ వచ్చిన తరువాతనే వీధిలో నడుస్తూ పాట వినే అలవాటు లోకమంతటా వ్యాపించింది. అంటే ఈ సాధనం పుట్టింది మాట కోసం, విస్తరించింది పాట కోసం.

తెలుగు చెవికి ఏమి కావాలి?

మన సరిహద్దు ప్రాంతపు పిల్లల విషయంలో ప్రత్యేకించి ఆలోచించవలసిన సంగతి ఒకటున్నది. 2006లో వచ్చిన చట్టం ప్రకారం తమిళనాడు పాఠశాలలలో 1వ తరగతి నుండి మొదలుపెట్టి దశలవారీగా తమిళం తప్పనిసరి భాష అయినది. చాలా ఇళ్లలో తెలుగు మాట్లాడే భాషగా నిలిచింది కాని వ్రాతకోతలకు దూరమైంది. తమిళ లిపి ఎంతో పొందికైనది. క, ఖ, గ, ఘ లకు అందులో ఒకే అక్షరం. ఒత్తు అక్షరాలు ఆ భాషకు అవసరం లేదు కనుక లిపిలోనూ లేవు. స, ష వంటివాటికి గ్రంథాక్షరాలు ఉన్నా వాటి వాడకం పరిమితం. అందుచేత తమిళ మాధ్యమంలో చదివే తెలుగు బిడ్డకు ఖకార, ఘకార, ధకార, భకారాలు పుస్తకం ద్వారా అందవు, చెవి ద్వారానే అందాలి. చిత్తూరులోనో తిరుపతిలోనో ఉన్న మేనత్త ఫోనులో పద్యం చెప్పించినా, ఇంటర్నెట్‌లో పాఠం విన్నా, ఆ ధ్వని భేదం చెవి దాకా చేరితేనే నాలుక మీదికి వస్తుంది.

ఇక్కడ కొంత శాస్త్రం చెప్పుకోవాలి. మనిషి మాటలో అచ్చుల బలం ఎక్కువగా తక్కువ పౌనఃపున్యాలలో ఉంటుంది. స, శ వంటి ఊష్మాల గుర్తింపునకు కావలసిన సమాచారం ఎక్కువ పౌనఃపున్యాలలో ఉంటుంది. సకారపు ఈల వంటి ధ్వనిలో అధికభాగం 4000 హెర్ట్జ్‌కు పైబడినదే. పాతకాలపు టెలిఫోన్ 300 నుండి 3400 హెర్ట్జ్ వరకు మాత్రమే మోసుకుపోయేది. అందుకే ఫోనులో పేరు చెప్పేటప్పుడు ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క ఊరి పేరు జతచేసి చెప్పుకోవలసి వచ్చేది. తరువాత వచ్చిన విశాల శ్రేణి పద్ధతి 50 నుండి 7000 హెర్ట్జ్ వరకు మాటను చేరుస్తున్నది. 4జి ఫోన్లలో మాట మునుపటి కన్నా తేటగా వినబడడానికి ఇదే కారణం.

అయితే దారి ఎంత విశాలమైనా, చివరన ఉన్న తలుపు ఇరుకైతే ప్రయోజనం లేదు. ‘ఎక్స్‌ట్రా బాస్’ అని పెద్ద అక్షరాలతో అచ్చువేసిన చౌక హెడ్‌ఫోన్లు తక్కువ పౌనఃపున్యాలను ఉబ్బించి చూపుతాయి. డప్పు మోత బాగా వినబడుతుంది. ఆ మోత కింద సకారం, శకారం, ఒత్తుల వెంట వచ్చే ఊపిరి అణగిపోతాయి. సినిమా పాటకు అది సరదాగా ఉండవచ్చు. పాఠం వినే బిడ్డకు అది నష్టం.

మైకు సంగతి

హెడ్‌ఫోన్ కొనేవారిలో అధికులు పెట్టుకొని విని చూస్తారు, మాట్లాడి చూడరు. తన మాట అవతలివారికి ఎలా చేరుతున్నదో మాట్లాడేవారికి తెలియదు కనుక మైకు లోపం చాలాకాలం దాగి ఉంటుంది. టీచరు ‘మళ్లీ చెప్పు’ అంటే బిడ్డ తనకే రాలేదనుకొని గొంతు తగ్గించుకుంటుంది. ఇంటర్వ్యూలో ‘వినబడలేదు’ అన్న మాట రెండుసార్లు వచ్చేసరికి అభ్యర్థికి ధైర్యం సడలుతుంది. ఆ తప్పు చాలాసార్లు మనిషిది కాదు, మైకుది.

మైకు నాణ్యతలో మొదటి సూత్రం దూరం. నోటికి దగ్గరగా ఉన్న మైకు మాటను ఎక్కువగా, రొదను తక్కువగా గ్రహిస్తుంది. దూరం పెరిగేకొద్దీ ఫ్యాను చప్పుడు, వీధిలో లారీ చప్పుడు మాటతో సమానమవుతాయి. ఈ లెక్కన కడ్డీ మైకుది మొదటి స్థానం. తీగ మధ్య ఉన్న మైకుది రెండవ స్థానం. చెవిలో పెట్టుకునే చిన్న బ్లూటూత్ గుళికలది చివరి స్థానం. వాటిలోని మైకు చెవి దగ్గరే ఆగిపోతుంది కనుక, మిగిలిన పని లోపలి సాఫ్ట్‌వేర్ చేయవలసి ఉంటుంది. ఖరీదైనవాటిలో ఆ పని బాగానే జరుగుతుంది. చౌకవాటిలో రొదతోపాటు మెత్తని హల్లులను కూడా కోసివేస్తుంది.

రెండవ సూత్రం స్థానం. కడ్డీ మైకు నోటికి సూటిగా ఎదురుగా ఉండరాదు. పెదవుల అంచుకు ఒక ప్రక్కగా, రెండు వేళ్ల ఎడంలో ఉండాలి. ఎదురుగా ఉంటే ప, ఫ, భ పలికినప్పుడు వెలువడే ఊపిరి మైకు మీద పడి ‘టప్’ మనే చప్పుడు వస్తుంది. ఒత్తు అక్షరాలు అధికంగా గల తెలుగు పద్యం చదివేటప్పుడు ఇది మరీ కనిపిస్తుంది. మైకుకు స్పాంజి తొడుగు ఉంటే తీసివేయకండి. అది ఉన్నది ఇందుకే.

తీగ మైకు అయితే చొక్కా గుండీకో, పైటకో రాసుకోకుండా చూసుకోవాలి. ఆ రాపిడి అవతలివారికి గరగరమని వినిపిస్తుంది.

తీగ ఉన్నదా, లేనిదా?

తీగ లేకపోవడం సౌకర్యమే, సందేహం లేదు. కాని మైకు వాడేటప్పుడు బ్లూటూత్ పద్ధతిలో ఒక మెలిక ఉన్నది. పాట వినేటప్పుడు ధ్వని ఒక్క దిశలోనే, ఫోను నుండి చెవికి ప్రవహిస్తుంది. ఆ స్థితిలో నాణ్యత బాగుంటుంది. మైకు పని మొదలుపెట్టగానే ధ్వని రెండు దిశలలో ప్రవహించాలి. అప్పుడు పరికరం తనంతట తానే ‘హ్యాండ్స్‌ఫ్రీ’ అనే మరొక పద్ధతికి మారుతుంది. దీనిలోని పాత విధానం సెకనుకు 8000 నమూనాలు మాత్రమే తీసుకుంటుంది. అంటే 4000 హెర్ట్జ్‌కు పైబడిన ధ్వని ఏదీ దాటదు. తరువాత వచ్చిన విధానం 16,000 నమూనాలు తీసుకుంటుంది. అది మాటకు చాలును. పాట వింటున్నప్పుడు కమ్మగా ఉన్న హెడ్‌ఫోన్, కాల్ రాగానే డబ్బాలోనుండి మాట్లాడినట్లు ఎందుకు మారుతుందో దీనినిబట్టి గ్రహించవచ్చు.

ఈ లోపాన్ని తొలగించడానికి ‘ఎల్.ఇ. ఆడియో’ అనే కొత్త ప్రమాణాన్ని 2020లో ప్రకటించారు. దాని ఫలితం దక్కాలంటే ఫోను, హెడ్‌ఫోన్ రెండూ ఆ ప్రమాణానికి చెందినవై ఉండాలి. ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ అయితే పాత పద్ధతే నడుస్తుంది.

తీగ గలదానికి ఈ ఇబ్బందులు లేవు. ఛార్జింగ్ అక్కరలేదు, మాటకు ఆలస్యం ఉండదు, ఒక గుళిక పోగొట్టుకునే భయం లేదు. దాని బలహీనత జాక్ దగ్గర, చెవి దగ్గర తీగ తెగిపోవడం. పిల్లల చదువుకు, ఇంటర్వ్యూకు తీగ గలది, నడకకు, ఇంటిపనికి బ్లూటూత్ అన్నది చాలామందికి సరిపోయే విభజన.

జాక్ చిక్కులు

తీగ గలది కొనేముందు మీ ఫోనుకు ఏ రంధ్రం ఉన్నదో చూసుకోవలెను.

గుండ్రని 3.5 మిల్లీమీటర్ల జాక్ అయితే దాని మీది నల్లని వలయాలు లెక్కపెట్టండి. మూడు వలయాలుంటే మైకు ఉన్నట్లు. రెండే ఉంటే అది వినడానికి మాత్రమే. దుకాణదారు ఏమి చెప్పినా ఈ లెక్క మారదు.

మూడు వలయాల జాక్‌లోనూ రెండు సంప్రదాయాలున్నాయి. మైకు, ఎర్త్ తీగల స్థానాలు వాటిలో తారుమారుగా ఉంటాయి. ఇప్పటి ఫోన్లన్నీ దాదాపు ఒకే సంప్రదాయాన్ని పాటిస్తున్నా, పాత సరుకు ఎక్కడైనా తగలవచ్చు. పాటలో గాయకుని గొంతు మాయమై వాద్యాలు మాత్రం డొల్లగా వినబడడం, మైకు బొత్తాం నొక్కి పట్టుకుంటే గొంతు తిరిగి రావడం దీని లక్షణం. అటువంటిది చెడిపోయినది కాదు, మీ ఫోనుకు పొత్తు కుదరనిది. మార్చుకొని తీరాలి.

చదునైన యు.ఎస్.బి. టైప్-సి రంధ్రం ఉన్న ఫోన్లకు ఆ రకపు హెడ్‌ఫోన్ కొనవచ్చు. అయితే ధ్వనిని మార్చే చిప్ హెడ్‌ఫోన్‌లోనే ఉన్నదో లేదో డబ్బా మీద చూడాలి. చిప్ లేని చౌకరకం కొన్ని ఫోన్లలోనే పనిచేస్తుంది. ఇదివరకే మంచి 3.5 మిల్లీమీటర్ల హెడ్‌ఫోన్ ఉంటే దానిని పారవేయనక్కరలేదు. చిప్ గల చిన్న అడాప్టర్ ఒకటి కొంటే చాలును.

ఇంటి కంప్యూటర్‌కు మైకుకు వేరుగా, వినికిడికి వేరుగా రెండు రంధ్రాలుంటే, ఒక జాక్‌ను రెండుగా చీల్చే తీగ కావలసి ఉంటుంది. కంప్యూటర్ ముందే కూర్చొని చదివేవారు యు.ఎస్.బి. కడ్డీ మైకు హెడ్‌సెట్ కొనుక్కుంటే ఈ బాధ ఉండదు.

డబ్బా మీది అంకెలు, ముద్రలు

20 నుండి 20,000 హెర్ట్జ్: ఇది మనిషి చెవి వినగల శ్రేణి. దాదాపు ప్రతి డబ్బా మీదా ఇదే అచ్చువేసి ఉంటుంది. మంచిదానిని చెడ్డదాని నుండి వేరుచేయడానికి ఇది ఉపయోగపడదు.

ఓములు: ఫోనుతో వాడేవాటికి 16 లేదా 32 ఓములు తగినవి. స్టూడియోల కోసం తయారైన ఎక్కువ ఓముల హెడ్‌ఫోన్లు ఫోనుకు తగిలిస్తే శబ్దం చాలదు.

డ్రైవర్ పరిమాణం: పెద్దదైనంత మాత్రాన మంచిది కాదు. వంటరుచి గిన్నె సైజును బట్టి ఉండదు.

నాయిస్ క్యాన్సిలేషన్: ఈ మాట దగ్గర చాలామంది మోసపోతున్నారు. దీనికి రెండు అర్థాలున్నాయి. ఎ.ఎన్.సి. అంటే బయటి రొదను మీ చెవికి తగ్గించేది. ఇ.ఎన్.సి. అంటే మీ చుట్టూ ఉన్న రొదను అవతలివారికి తగ్గించేది. మొదటిది మీకోసం, రెండవది మీ మాట వినేవారి కోసం. చౌక గుళికల డబ్బా మీద ‘నాయిస్ క్యాన్సిలేషన్’ అని మాత్రమే ఉంటే అది సాధారణంగా రెండవదే. బస్సు రొద తగ్గుతుందని ఆశించి కొంటే నిరాశ తప్పదు.

ఐ.పి.ఎక్స్. అంకె: 4 ఉంటే చెమట, తుంపర తట్టుకుంటుంది. 7 ఉంటే ఒక మీటరు లోతు నీటిలో అరగంట నిలుస్తుంది. చదువుకు ఈ అంకె అంత ముఖ్యం కాదు.

గంటల లెక్క: బ్లూటూత్ గుళికలకు ‘40 గంటలు’ అని వ్రాసి ఉంటే, అది పెట్టెలోని ఛార్జిని కూడా కలిపిన మొత్తం. ఒక్కసారి చెవిలో పెట్టుకుంటే ఎన్ని గంటలు వస్తుందో విడిగా చూడాలి. మైకు వాడితే అది ఇంకా తగ్గుతుంది.

ప్రభుత్వ ముద్ర: తీగలేని హెడ్‌ఫోన్లకు మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ వద్ద నమోదు తప్పనిసరి. డబ్బా మీద ఆ సంస్థ ముద్ర, దానితోపాటు ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి. ‘బి.ఐ.ఎస్. కేర్’ అనే ఉచిత యాప్‌లో ఆ సంఖ్యను చూస్తే తయారీదారు ఎవరో తెలుస్తుంది. డబ్బా మీది పేరు ఒకటి, యాప్‌లో కనిపించిన పేరు దానికి సంబంధంలేని మరొకటి అయితే ఆ సరుకును అనుమానించవలసిందే.

దుకాణంలో పరీక్షించే విధానం

సొంత ఫోను తీసుకొని వెళ్లండి. దుకాణంవారు వినిపించే పాట వారి సరుకుకు అనువైన పాటే అయి ఉంటుంది. మీరు ఒక తెలుగు వార్తాప్రసంగాన్నో, పద్యపఠనాన్నో ముందుగానే ఫోనులో ఉంచుకొని దానిని వినండి. శబ్దాన్ని సగానికి మించి పెంచకుండానే ప్రతి మాటా విడివిడిగా తెలియాలి.

తరువాత మైకు పరీక్ష. ఈ క్రింది జంట పదాలను కాగితం మీద వ్రాసుకొని వెళ్లండి.

శకలము – సకలము
కరము – ఖరము
దార – ధార
పలము – ఫలము
కల – కళ

వెంట వచ్చినవారిని కాస్త దూరంగా, దుకాణం వెలుపల నిలబెట్టి ఫోను చేయండి. వరుస మార్చి ఈ పది పదాలను ఒక్కొక్కటిగా చదవండి. అవతలివారు తాము విన్నది వ్రాసుకోవాలి. ఆపైన రెండు కాగితాలు సరిచూసుకోండి. ముక్క అనే అర్థం గల శకలము, అంతా అనే అర్థం గల సకలముగా వినబడితే ఆ మైకు ఊష్మాలను మింగివేస్తున్నదన్నమాట. చెయ్యి గాడిదగా మారితే నవ్వుకోవచ్చు కాని, ఆ మైకును కొనరాదు. రెండు మూడు రకాలను ఇదే కాగితంతో పోల్చితే ఏది మేలో ఐదు నిమిషాలలో తేలిపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌ను రికార్డర్ యాప్‌తో పరీక్షించకండి. చాలా ఫోన్లలో ఆ యాప్ ఫోను సొంత మైకునే వాడుతుంది. అప్పుడు మీరు మెచ్చుకునేది ఫోను మైకును. నిజమైన కాల్ ద్వారానే పరీక్షించాలి. తీగ గలవాటికి రికార్డర్ చాలును. అయినా మైకు మీద గోటితో మెల్లగా తట్టి, ఆ చప్పుడు నమోదైనదో లేదో చూసుకోండి.

ధర, బిల్లు, కొనుగోలు స్థలం

ఈ వ్యాసం వ్రాసేనాటికి పేరున్న కంపెనీల తీగ హెడ్‌ఫోన్లు మైకుతో సహా స్థూలంగా 400 నుండి 1000 రూపాయలలో లభిస్తున్నాయి. బ్లూటూత్ గుళికలలో సాధారణ రకం 1000 నుండి 2500 వరకు ఉంటున్నది. కంప్యూటర్‌కు తగిన యు.ఎస్.బి. కడ్డీ మైకు హెడ్‌సెట్ 1500 నుండి 3000 వరకు పలుకుతున్నది. చదువు కోసమైతే 2000 రూపాయల బ్లూటూత్ గుళికల కన్నా 700 రూపాయల మంచి తీగ హెడ్‌ఫోన్ మేలు చేసే సందర్భాలే ఎక్కువ. పేద కుటుంబాలకు ఇది ఊరట కలిగించే మాట.

చెన్నై రిచీ స్ట్రీట్‌లో ధర తక్కువన్నది నిజమే. అయితే కావేరిపాక్కం నుండి చెన్నైకి పోయి కొన్న వస్తువు వారంలో చెడిపోతే, మళ్లీ పోయి రావడానికయ్యే బస్సు ఛార్జీ ఆ మిగులును తినివేస్తుంది. వేలూరులోనో, వాలాజాపేటలోనో, గుడియాత్తంలోనో బిల్లు ఇచ్చే దుకాణంలో కొనడం మంచిది. ఆన్‌లైన్‌లో కొనేవారు వస్తువు తిరిగి పంపే గడువు ఎన్ని రోజులో ముందే చదువుకొని, వచ్చిన రోజే పై పరీక్ష చేయాలి.

డబ్బా మీద గరిష్ఠ చిల్లర ధర, తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, ఏ దేశంలో తయారైనదీ, వినియోగదారుల ఫిర్యాదు ఫోను నంబరు ఉండాలి. ఇవేవీ లేని వస్తువుకు వారంటీ అని నోటిమాటగా చెప్పినా అది నీటిమీది వ్రాతే. బిల్లు మీద మోడల్ పేరు, తేదీ వ్రాయించుకోండి. బిల్లును ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి, కాగితం మీది అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి.

వస్తువు లోపభూయిష్ఠమై దుకాణదారు స్పందించకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అక్కడ తెలుగులోను, తమిళంలోను చెప్పుకోవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్న ఊరిలోనే కాక, మీరు నివసించే జిల్లాలోని కమిషన్‌లోనూ ఫిర్యాదు చేసే హక్కు ఉన్నది. ఆన్‌లైన్‌లో దూరప్రాంతపు అమ్మకందారు నుండి కొన్నవారికి ఇది ముఖ్యమైన రక్షణ.

చెవి భద్రత

ఎంత మంచి హెడ్‌ఫోన్ అయినా చెవిని మించిన పరికరం కాదు. పరికరం పాడైతే మరొకటి కొనవచ్చు. పెద్ద శబ్దం వలన లోపలి చెవిలో నశించిన రోమకణాలు తిరిగి పుట్టవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం వంద కోట్లకు పైగా యువతీయువకులు ఇటువంటి ప్రమాదానికి చేరువలో ఉన్నారు.

ఆ సంస్థ అంతర్జాతీయ టెలికాం సంఘంతో కలిసి రూపొందించిన ప్రమాణం ప్రకారం పెద్దలు వారానికి 40 గంటల వరకు 80 డెసిబెళ్లు వినవచ్చు. పిల్లలకు అదే 40 గంటలకు 75 డెసిబెళ్లే మితి. ప్రతి 3 డెసిబెళ్ల పెరుగుదలకు అనుమతించిన కాలం సగమవుతుంది. అంటే పెద్దలకు 83 వద్ద 20 గంటలు, 86 వద్ద 10 గంటలు, 89 వద్ద 5 గంటలు మాత్రమే.

ఇంట్లో డెసిబెళ్లు కొలిచే సాధనం ఉండదు కనుక సులభమైన గుర్తులు చెప్పుకుందాము. శబ్దాన్ని గరిష్ఠంలో 60 శాతం దాటనీయకండి. బిడ్డ హెడ్‌ఫోన్ పెట్టుకొని ఉండగా చేయిచాపు దూరం నుండి మామూలు గొంతుతో పిలిస్తే పలకాలి. పలకకపోతే శబ్దం ఎక్కువైనట్లే. గంటకొకసారి పది నిమిషాలు చెవులకు విశ్రాంతి ఇవ్వాలి. బస్సు రొదను జయించడానికి శబ్దం పెంచడం కన్నా, రబ్బరు తొడుగు చెవికి సరిపోయే సైజుది మార్చుకోవడం మంచిది. డబ్బాలో మూడు సైజులు ఇచ్చేది అందుకే.

చెవిలో నిరంతరం గుయ్యిమనే శబ్దం వస్తున్నా, ఎదుటివారి మాట తరచు మళ్లీ అడగవలసి వస్తున్నా హెడ్‌ఫోన్ మార్చడం చికిత్స కాదు. చెవి వైద్యులను చూడాలి. వేలూరులోని క్రిస్టియన్ మెడికల్ కళాశాల ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తారు. చిత్తూరు జిల్లా నుండి అక్కడికి వచ్చే తెలుగువారు ఎందరో ఉన్నారు.

రెండు చెవులూ మూసుకొని ద్విచక్ర వాహనం నడపడం, రైలుపట్టాలు దాటడం ప్రాణాంతకం. కాట్పాడి, గుడియాత్తం మార్గాన పట్టాల ప్రక్క ఊళ్లలోని పిల్లలకు ఈ మాట ఇంట్లోనూ బడిలోనూ చెప్పాలి. పేరులేని చౌక ఛార్జరుకు ఫోను తగిలించి ఉండగా తీగ హెడ్‌ఫోన్ చెవిలో పెట్టుకోవడమూ అపాయకరమే.

పదిలపరచుకునే పద్ధతి

తీగను ఫోను చుట్టూ బిగించి చుట్టకండి. వదులుగా వలయంగా చుట్టి ఉంచండి. లాగేటప్పుడు తీగను కాక జాక్‌ను పట్టుకోండి. రబ్బరు తొడుగులను వారానికొకసారి తీసి సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరిన తరువాత పెట్టండి. ఒకరి గుళికలు మరొకరు వాడకపోవడం ఆరోగ్యకరం. మైకు రంధ్రంలో సూది గుచ్చరాదు. మెత్తని పొడి బ్రష్‌తో తుడవాలి. బ్లూటూత్ పరికరాలను ఎండలో నిలిపిన బండి పెట్టెలో వదిలితే బ్యాటరీ త్వరగా క్షీణిస్తుంది. పాడైనవాటిని చెత్తబుట్టలో కాక ఎలక్ట్రానిక్ వ్యర్థాలు సేకరించేవారికి ఇవ్వండి.

సంగ్రహంగా

1. పాట కోసమా, మాట కోసమా అన్నది ముందు నిర్ణయించుకోండి.
2. చదువుకు, ఇంటర్వ్యూకు తీగ గలది లేదా కడ్డీ మైకు గలది మేలు.
3. జాక్ మీద మూడు వలయాలున్నవో లేదో, టైప్-సి అయితే చిప్ ఉన్నదో లేదో చూడండి.
4. ‘ఎక్స్‌ట్రా బాస్’ అన్న మాటకు మురిసిపోకండి.
5. ఎ.ఎన్.సి., ఇ.ఎన్.సి. భేదం అడిగి తెలుసుకోండి.
6. జంట పదాల కాగితంతో నిజమైన కాల్ చేసి పరీక్షించండి.
7. మోడల్ పేరు, తేదీ గల బిల్లు లేనిదే డబ్బు చెల్లించకండి.
8. శబ్దం 60 శాతం లోపు, గంటకొకసారి విశ్రాంతి.

బిడ్డకు తెలుగు చెప్పించడానికి ఊరిలో బడి లేకపోవచ్చు, పంతులు లేకపోవచ్చు. ఫోనులో చెప్పే అమ్మమ్మయినా ఉంటుంది. ఆమె పలికిన ధకారం ధకారంగానే బిడ్డ చెవికి చేరడానికి, బిడ్డ తిరిగి పలికినది ఆమెకు తప్పులేకుండా వినబడడానికి కొన్ని వందల రూపాయలు, దుకాణంలో ఐదు నిమిషాల ఓపిక చాలును.